వైకుంఠం బొమ్మలన్నీ ఒకేలా ఉంటాయా? మన చిత్రకారుల మీద చర్చ

నీలిసిరా
సూటిగా విషయానికి వస్తాను. తోట వైకుంఠం, కె. లక్ష్మాగౌడ్, జి. రవీందర్ రెడ్డి. మొదటి ఇద్దరూ చిత్రకారులు, మూడో ఆయన శిల్పి. ముగ్గురూ తెలంగాణ నేల మీద పుట్టినవాళ్లే. ముగ్గురూ గుజరాత్‌లోని బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీకి వెళ్లి చదివినవాళ్లే. ముగ్గురి పనిలోనూ ఎక్కువగా కనిపించేది మన వైపు ఆడమనిషే. అయినా ఒకరి పని పక్కన ఇంకొకరిది పెట్టి చూస్తే అసలు పొంతనే ఉండదు. ఇదెలా సాధ్యమైందన్నది నా మొదటి ప్రశ్న.

రెండోది కాస్త ఇబ్బందికరమైన ప్రశ్న. వైకుంఠం గారి బొమ్మలంటే నాకు ఇష్టమే. కానీ అదే పెద్ద బొట్టు, అదే ముక్కుపుడక, అదే ఎర్ర చీర. పది చూశాక పదకొండోది చూడాలనిపించడం లేదు. లోపం నా చూపులో ఉందా, ఆయన పనిలో ఉందా? మొహమాటం లేకుండా చెప్పండి.

దుబ్బాక పోరడు
పదకొండోది చూడాలనిపించకపోతే మానెయ్ అన్నా, ఎవరన్నా మెడ మీద కత్తి పెట్టిన్రా? 😀

సరదాకన్నాను. కానీ "అదే బొమ్మ" అనే మాట వింటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆయన కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన మనిషి. ఊళ్లకు వచ్చే నాటకాల వాళ్లను చూస్తూ పెరిగాడు. అప్పట్లో ఆడవేషం కట్టేది మగవాళ్లే. మొహానికి దట్టంగా రంగు పూసి, ఇంత బొట్టు దిద్ది, ఒంటి నిండా నగలు దిగేసుకుని వచ్చేవాళ్లు. తన బొమ్మలకు ఒక మూలం ఆ వేషాలు, రెండో మూలం కన్నతల్లి అని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. ఇది తెలిశాక ఇప్పుడు ఆ ఆడవాళ్ల భుజాలు చూడు. ఎంత వెడల్పు! నిలబడ్డ తీరు చూడు. నాటు వేసి వచ్చిన మనిషి నిలబడ్డట్టు ఉండదు, స్టేజీ మీదకొచ్చి పద్యం ఎత్తుకోబోతున్నట్టు ఉంటుంది.

ఇంకోటి, ఒంటి రంగు. మన క్యాలెండర్లలో దేవతలు తెలుపు, సినిమాల్లో హీరోయిన్లు తెలుపు. ఆయన బొమ్మలో మనిషి మాత్రం మంచి ముదురు చామనచాయలో, ఎరుపూ కాషాయమూ చుట్టుకుని, దర్జాగా కూర్చుంటుంది. మా నాయనమ్మ అట్లనే ఉండేది. మా ఇంట్లో ఆమెను అందగత్తె అన్నవాళ్లు ఒక్కరు లేరు.

నీలిసిరా
నాటకాల సంగతి నాకు తెలియదు, బాగుంది. భుజాల మాట నిజమే, ఇప్పుడే మళ్లీ చూశాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. మూలం గొప్పదైతే సరిపోతుందా? అదే మూలం దగ్గర నలభై ఏళ్లు కూర్చోవచ్చా?

అమలాపురం కుర్రాడు
మా వైపు బాపు బొమ్మ అంటారు, మీ వైపు వైకుంఠం బొమ్మ అంటారు. రెండూ పెళ్లి శుభలేఖల మీదకు వచ్చేశాయి కాబట్టి రెండూ అయిపోయినట్టే లెక్క అని నా అభిప్రాయం. ఇక తిట్టండి.

దుబ్బాక పోరడు
తిట్టను కానీ, శుభలేఖల మీదకు, మీల్స్ హోటళ్ల గోడల మీదకు ఎక్కినవాటిలో ఎన్ని నిజంగా ఆయన వేసినవో చెప్పు తమ్మీ. ఫ్లెక్సీ షాపులో ఎవరో దించిన నకలు చూసి అసలుకు మార్కులు వేస్తే ఎట్లా?

గీతాగీతలు
నేను ప్రింట్‌మేకింగ్, అంటే బొమ్మలు అచ్చు తీసే కళ చదువుకున్నాను, అందుకే లక్ష్మాగౌడ్ గారి గురించి రాస్తాను. పొడుగైతే క్షమించాలి.

ఆయన్ను అర్థం చేసుకోవాలంటే ముందు ఎచింగ్ అంటే ఏమిటో తెలియాలి. జింకు రేకు ఒకటి తీసుకుంటాం. అంచులు ఆకురాయితో ఏటవాలుగా అరగదీస్తాం, లేకపోతే ప్రెస్సులో కాగితం తెగుతుంది. రేకు మీద మైనం, తారు కలిపిన పూత పూస్తాం. అది ఆరాక సూదితో గీస్తాం. సూది రేకును కొయ్యదు, పూతను లేపుతుంది అంతే. కోసే పని యాసిడ్‌ది. నీళ్లు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో రేకును ముంచితే, పూత లేచిన చోటల్లా తినడం మొదలుపెడుతుంది. గీతల వెంట సన్నటి బుడగలు వస్తాయి. వాటిని పక్షి ఈకతో తోసేస్తూ ఉండాలి, లేదంటే గీత ఎగుడుదిగుడుగా తెగుతుంది. రేకు ఎంత ఎక్కువసేపు ఉంటే గీత అంత లోతు, అచ్చులో అంత నలుపు. సన్నగా ఉండాల్సిన గీతలకు చాలు అనిపించగానే రేకు బయటికి తీసి, వాటిని వార్నిష్‌తో మూసేసి, మిగతావాటి కోసం మళ్లీ ముంచుతాం. ఆ తరువాత సిరా పట్టించి, పైపైన ఉన్నది గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం పరిచి ప్రెస్సులో తిప్పితే గీతల లోపల మిగిలిన సిరాను కాగితం పీల్చుకుంటుంది. బొమ్మ కుడిఎడమలు తారుమారై వస్తుంది.

ఇందులో రబ్బరు పెట్టి చెరిపేయడం ఉండదు. సరిదిద్దాలంటే రేకును గీకి, నున్నగా రుద్ది, నరకం చూడాలి. ఇప్పుడు లక్ష్మాగౌడ్ గారు 1970లలో చేసిన ఎచింగ్‌లు చూడండి. మేకలు, ముళ్ల చెట్లు, బండరాళ్లు, వాటి మధ్య ఏ దాపరికం లేని ఆడామగా. మేక ఒంటి మీది వెంట్రుక ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తుంది, చెట్టు బెరడూ అలాగే. మనిషి చర్మం కూడా దాదాపు అలాగే ఉంటుంది. మనిషి, మేక, చెట్టు ఒకే పదార్థంతో చేసినట్టు అనిపించడానికి కారణం ఆ గీతే. అదే బొమ్మ ఆయిల్ రంగుల్లో వేసి ఉంటే ఆ కరుకుదనం వచ్చేది కాదని గట్టిగా చెప్పగలను.

ఎస్‌ఆర్ నగర్ శ్రీను
ప్రింట్ కింద పెన్సిల్‌తో 7/25 అని రాసి ఉంటుంది కదా, అదేంటి?

గీతాగీతలు
ఆ రేకు నుంచి 25 అచ్చులు మాత్రమే తీశారు, మీ చేతిలో ఉన్నది ఏడోది అని అర్థం. అందుకే ఎచింగ్‌ను జిరాక్స్ లాంటిది అనుకోవద్దు. ప్రతి అచ్చుకూ సిరా మళ్లీ చేత్తోనే పట్టించాలి, చేత్తోనే తుడవాలి. ఇంకో గుర్తు చెబుతాను. కాగితాన్ని పక్కవాటుగా వెలుతురుకు పెట్టి చూడండి. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుంట కనిపిస్తుంది. వేలితో తాకితే తెలుస్తుంది కూడా, కాకపోతే గ్యాలరీ వాళ్లు ఊరుకోరు.

పైన నీలిసిరా గారు అడిగిన "ఒకే చోట కూర్చోవడం" గురించి ఒక మాట. లక్ష్మాగౌడ్ గారు దానికి పూర్తిగా ఎదురు. ఎచింగ్, పేస్టల్స్, గౌష్ (చిక్కటి నీటి రంగులు), టెర్రకోట (కాల్చిన మట్టి), కంచు, గాజు మీద వెనక నుంచి వేసే బొమ్మలు, ఇలా ఒక్క పరికరం దగ్గర ఆగలేదు. గాజు బొమ్మల్లో ముందు కనుపాప, ముక్కుపుడక లాంటి చిన్న వివరాలు వేసి, ఆ తరువాత మొహం, అన్నిటికన్నా ఆఖరున బ్యాక్‌గ్రౌండ్ వేయాలి. అందరూ చివర్లో వేసేది ఇక్కడ మొదట పడుతుంది. జీవితమంతా రేకు మీద తిరగేసి ఆలోచించిన మనిషికి అది ఎంత సులువుగా పట్టుబడి ఉంటుందో ఊహించండి.

వాల్తేరు అప్‌ల్యాండ్స్
రవీందర్ రెడ్డి గారి ఊసు ఎవరూ ఎత్తరేం? సూర్యాపేటలో పుట్టినా మా వైజాగ్ మనిషే ఆయన. ఆంధ్రా యూనివర్సిటీలో శిల్పం చెప్పారు.

ఆయన చేసిన తలలు ఫొటోలో చూసి లాభం లేదండీ. ఎదురుగా నిలబడాలి. ఒట్టి తల, మెడ, అంతే. కానీ ఆ తల మనిషి కన్నా ఎత్తు. ముందు మట్టితో చేసి, దాని నుంచి అచ్చు తీసి, ఫైబర్‌గ్లాస్‌లో పోత పోస్తారు. ఆ మీద నిగనిగలాడే రంగు. బంగారు పూత ఉన్నవి కొన్ని, నీలం, ఎరుపు కొన్ని. కళ్లు ఇంతింత చేసి రెప్ప వాల్చకుండా చూస్తుంటాయి. గుళ్లో అమ్మవారి వెండి కళ్లు చూసినవాళ్లకు ఆ చూపు కొత్త కాదు. మొహం మాత్రం అమ్మవారిది కాదు, పూర్ణా మార్కెట్లో చేపలు అమ్మే ఆవిడది.

నాకన్నిటికన్నా ఇష్టమైనది వెనక భాగం. జనం ముందు నిలబడి సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. వెనక్కి వెళ్తే అక్కడ కొప్పు ఉంటుంది. పాయ పాయా విడిగా చెక్కినట్టు చుట్టి, దాని చుట్టూ పూలు వరుసగా గుచ్చి ఉంటాయి. మొహం మీద లేని పనితనమంతా అక్కడ పెట్టాడాయన. మొహం నున్నగా, ఏ భావమూ లేకుండా ఉంటుంది. కొప్పు మాత్రం గోపురం కట్టినంత శ్రద్ధగా ఉంటుంది.

కాబట్టి నీలిసిరా గారి మొదటి ప్రశ్నకు నా జవాబు: ముగ్గురూ ఊరినే తీసుకున్నారు, కానీ ఊళ్లో ముగ్గురూ చూసిన చోటు వేరు. ఒకాయన నాటకం చూశాడు, ఒకాయన పొలిమేర చూశాడు, ఈయన గర్భగుడి చూశాడు.

నీలిసిరా
చివరి వాక్యం దాచుకుంటున్నాను. 🙏

సరళ టీచర్
ఇప్పటిదాకా చదివాను. అందరూ బాగా రాశారు. ఒక్కటే అడగాలనుంది. గీసినవాళ్లు ముగ్గురూ మగవాళ్లు, గీయబడినవాళ్లంతా ఆడవాళ్లు. దీని గురించి ఎవరికీ ఏమీ అనిపించలేదా?

అమలాపురం కుర్రాడు
వచ్చేసింది టీచర్ గారి క్లాసు.

సరళ టీచర్
క్లాసే అనుకో బాబూ, వెనక బెంచీలో కూర్చుని విను. వాళ్ల పని తక్కువదని నేననడం లేదు. వైకుంఠం గారి ఆడవాళ్లు ఒక్కసారైనా ఏదైనా పని చేస్తూ చెమటతో కనిపించారా అని వెతుకుతుంటాను. చేతిలో చిలక ఉంటుంది, తాంబూలం ఉంటుంది. కొడవలి అరుదు. దుబ్బాక తమ్ముడు చెప్పిన నాటకాల సంగతి విన్నాక అర్థమైంది, ఆ ఆడమనిషి మొదటి నుంచీ వేషంలోనే ఉంది.

హైదరాబాద్‌లోనే వరుణికా సరాఫ్ అనే చిత్రకారిణి పనిచేస్తుంటారు. ఆవిడ రంగులు కూడా చాలావరకు స్వయంగా నూరుకుని తయారు చేసుకుంటారు. గుడ్డ మీద కుట్టుపనితో 'వుయ్ ద పీపుల్' అని ఒక పెద్ద వరుస చేశారు. దూరం నుంచి చూస్తే అమ్మమ్మలు దిండు గలీబుల మీద కుట్టే పువ్వుల పనిలాగే ఉంటుంది. దగ్గరికి వెళ్తే మన దేశంలో స్వాతంత్ర్యం తరువాత జరిగిన నిరసనలు, హింస, వీధుల్లోకొచ్చిన జనం. ఆడవాళ్లకు కాలక్షేపం కింద నేర్పిన పనితోనే ఆ చరిత్ర రాసింది. అలాగే గౌరి వేముల గారి పెన్ను బొమ్మలు చూడండి. నల్ల సిరాతో, ఎక్కడా ఖాళీ లేకుండా, అడవి, జంతువు, మనిషి ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తుంటాయి. ఒక్కో బొమ్మ దగ్గర చాలాసేపు ఆగాలి. అక్కడ అందంగా ముస్తాబైన ఆడమనిషి కోసం వెతికితే దొరకదు.

గీతాగీతలు
గౌరి గారి పేరు ఎత్తినందుకు థ్యాంక్స్ మేడమ్. ఆవిడ గీతలో ఎచింగ్ అలవాటు స్పష్టంగా కనిపిస్తుంది. పెన్ను పట్టుకున్నా సూదిలాగే పట్టుకుంటారు.

చేర్యాల అభిమాని
నేనింకో తగువు పెడతాను. వైకుంఠం గారు ఒకే బొమ్మ వేస్తే 'శైలి' అంటాం. గుడ్డ మీద కథల పటాలు వేసే మా చేర్యాల నకాషీ కుటుంబం అదే ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్, అదే మొహాలు తరతరాలుగా వేస్తే 'సంప్రదాయం' అంటాం. మొదటిదాన్ని గ్యాలరీలో వేలం వేస్తాం, రెండోదాని దగ్గర శిల్పారామంలో బేరమాడతాం. తేడా ఎక్కడుంది?

ఆ పని చూసినవాళ్లకు తెలుస్తుంది. ఖద్దరు గుడ్డకు సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరాక పెన్సిల్ గీత కూడా లేకుండా నేరుగా కుంచెతో బొమ్మ ఎత్తుకుంటారు. పాతకాలపు పటాలు మూడడుగుల వెడల్పుతో నలభై అడుగులు దాటి కూడా ఉంటాయి. కథ చెప్పేవాడు ఒక్కో అర విప్పుకుంటూ పోతాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం, ఇలా ఏ కులానికి ఆ కథ. కథ చెప్పించుకునేవాళ్లు తగ్గిపోయాక పటం కురచబడింది. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయేవి ఫ్రేము కట్టిన చిన్న బొమ్మలు, రంపపు పొట్టుతో చేసే మాస్కులు. అంటే పరిస్థితిని బట్టి పనిని మార్చుకున్నవాళ్లు వాళ్లే. మరి సమకాలీన కళాకారులు అన్నప్పుడు వాళ్ల పేరు ఎందుకు రాదు?

వాల్తేరు అప్‌ల్యాండ్స్
మంచి ప్రశ్న. నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లదీ ఇదే కథ. ఆట ఆడించేవాళ్లు తగ్గారు, ఆ మేకతోలు, ఆ చిల్లుల పనితనం ఇప్పుడు లాంపు షేడ్‌ల మీదకు వచ్చాయి. వాళ్లలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిందనుకోండి, కానీ ఆయన పేరు ఏ ఆర్ట్ మ్యాగజైన్‌లోనూ లక్ష్మాగౌడ్ గారి పక్కన కనపడదు.

గీతాగీతలు
దీనికి సగం జవాబు బరోడాలోనే ఉంది. వైకుంఠం, లక్ష్మాగౌడ్ ఇద్దరికీ అక్కడ గురువు కె.జి. సుబ్రమణ్యన్. ఆయన శాంతినికేతన్‌లో చదివినవాడు. చిత్రకారుడై ఉండి ఆటబొమ్మలు చేశాడు, టెర్రకోట కుడ్యచిత్రాలు చేశాడు, గాజు మీద వేశాడు. పల్లె కళాకారుడి దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉందని ఊరికే చెప్పకుండా తను చేసి చూపించాడు. ఆయన దగ్గరికి వెళ్లిన మనవాళ్లు ఆయనలా వేయడం నేర్చుకోలేదు, వెనక్కి తిరిగి తమ ఊరిని చూడడం నేర్చుకున్నారు. ముగ్గురు మూడు రకాలుగా తయారవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం, రవీందర్ రెడ్డి గారు తరువాతి తరం అయినా సరే.

మిగతా సగం జవాబు డబ్బు. సంతకం ఉన్నదానికి ఒక ధర, లేనిదానికి ఒక ధర. అది కళకు సంబంధించిన విషయం కాదు, బజారుకు సంబంధించింది.

చేర్యాల అభిమాని
ఒప్పుకోను. బజారే తరువాత చరిత్ర రాస్తుంది. మ్యూజియం కొనేది కూడా బజారును చూసే. అయినా మీరన్నంత వరకు సంతోషం.

కళ్లజోడు
నేనెప్పుడూ ఇక్కడ రాయను, చదువుతానంతే. ఇన్ని మాటలైనా చిత్రకారుడు సూర్యప్రకాశ్ గారి పేరు రాకపోయేసరికి ఆగలేకపోయాను. మధిరలో పుట్టారు, 2019లో పోయారు. మొదట్లో తుప్పు పట్టిన పాత కార్లు, ఇనుప తుక్కు వేసేవారు. ఆ మనిషే తరువాత ఆకులు, నీడలు, కలువల కొలనులు వేశారు. నీలిసిరా గారూ, మీరు వైకుంఠం గారిని అడిగిన ప్రశ్నకు ఇది అటు కొస. ఈయన మొత్తం వస్తువునే వదిలేసి ఇంకోదానికి మారిపోయారు. అయినా చూపు ఒకటే అనిపిస్తుంది నాకు. తుక్కులోనూ రంగు ఎలా విరుగుతుందనే చూశారు, నీళ్లలోనూ అదే చూశారు.

ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆయన ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్‌గా, అంటే అక్కడే ఉండి బొమ్మలు వేసే చిత్రకారుడిగా ఉండేవారు. మా అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు అక్కడ గోడ మీద ఆయన కొలను బొమ్మ చూశాను. దగ్గరికి వెళ్తే ఉత్త రంగు మరకలు. నాలుగడుగులు వెనక్కి వేస్తే నీళ్లు. ఆపరేషన్ టెన్షన్‌లో ఉండి కూడా ముందుకీ వెనక్కీ తిరుగుతుంటే సెక్యూరిటీ అతను "ఏం కావాలి సార్" అని అడిగాడు.

దుబ్బాక పోరడు
కళ్లజోడు అన్నా, ఇంత బాగ రాస్తూ ఇన్నాళ్లు చప్పుడు చెయ్యకుండ ఎట్లున్నవే?

సరళక్కా, మీరు అడిగిన దాని మీద ఆలోచించాను. కొడవలి అరుదన్న మాట నిజమే. కానీ అదే వైకుంఠం సారు 'దాసి' సినిమాకు కళా దర్శకత్వం చేశాడు, జాతీయ అవార్డు కూడా వచ్చింది. అందులో గడీలో చాకిరీ చేసే ఆడమనిషి చుట్టూ ఉన్న గోడలు, గిన్నెలు, చీకటి అన్నీ ఆయన ఏర్పాటే. చెమట ఆయనకు తెలియక కాదు, కాన్వాస్ మీదకు ఆమెను ఇంకోలా తెచ్చుకున్నాడని నాకనిపిస్తుంది.

సరళ టీచర్
'దాసి' సంగతి మంచి పాయింట్ తమ్ముడూ. అయినా నా అభ్యంతరం సగమే తగ్గింది. తెచ్చుకునే హక్కు ఆయనది, అడిగే హక్కు నాది.

డాలస్ మూర్తి
లేటుగా వచ్చాను. ఒక ప్రాక్టికల్ ప్రశ్న. కొత్త ఇంట్లో హాల్లో పెట్టుకోవడానికి మనవాళ్లది ఏదైనా అసలైనది కొనాలని మా ఆవిడ, నేను అనుకుంటున్నాం. పెద్ద పెయింటింగ్ మా తాహతుకు మించినది. ఎక్కడ మొదలుపెట్టాలి?

గీతాగీతలు
ప్రింట్‌లతో మొదలుపెట్టండి మూర్తి గారూ. అసలైన పనే, ధర మాత్రం కాన్వాస్ కన్నా చాలా తక్కువ. మూడు విషయాలు చూసుకోండి: కింద పెన్సిల్ సంతకం, ఎడిషన్ నంబరు (పైన చెప్పిన 7/25 లాంటిది), గ్యాలరీ ఇచ్చే కాగితం. సంతకం కూడా బొమ్మతోపాటు అచ్చయిపోయి ఉంటే అది పోస్టర్. ఫ్రేములో ఆమ్లం లేని బోర్డు వాడమని చెప్పండి, ఎండ తగిలే గోడకు పెట్టకండి.

చేర్యాల అభిమాని
పేరున్న ఆర్టిస్ట్ ప్రింటు ఒకటి కొనండి, దాంతోపాటు చేర్యాల నుంచి నేరుగా ఒక పటం చెప్పి చేయించుకోండి. మీకు నచ్చిన కథ చెబితే వేసిస్తారు. చేసినవాళ్ల పేరు పటం మీద రాయమని అడగండి, రెండూ ఒకే ఎత్తులో వేలాడదీయండి.

డాలస్ మూర్తి
ఈ ఐడియా మా ఆవిడకు చదివి వినిపించాను. వెంటనే ఓకే చేసింది. ఏ కథ అన్నదాని మీద ఇప్పుడు ఇంట్లో యుద్ధం.

ఎస్‌ఆర్ నగర్ శ్రీను
కొనే స్తోమత లేనివాళ్ల సంగతేంటి? ఊరికే చూడాలంటే?

సరళ టీచర్
మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది, తరచూ ఏదో ఒక ప్రదర్శన నడుస్తుంటుంది. బంజారాహిల్స్ వైపు కళాకృతి లాంటి ప్రైవేటు గ్యాలరీలకు కూడా నిరభ్యంతరంగా వెళ్లవచ్చు, కొనమని ఎవరూ పట్టుకోరు. మా పిల్లలను తీసుకెళ్తే వాళ్లే దగ్గరుండి చూపించారు. ఖైరతాబాద్ దగ్గర మక్తాలో ఇళ్ల గోడల మీద వేసిన పెద్ద బొమ్మలున్నాయి. కొన్ని వెలిసిపోయాయి, అయినా వీధిలో నడుస్తూ చూడవచ్చు. రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ వదలకండి. ఆయన సమకాలీనుడు కాదు, 1925లోనే పోయారు. కానీ ఇప్పటివాళ్లు ఎక్కడి నుంచి ఎంత దూరం వచ్చారో అక్కడ తెలుస్తుంది.

నీలిసిరా
ఈ శనివారం నేను మాదాపూర్ గ్యాలరీకి వెళ్తున్నాను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా వస్తారా? పదకొండో వైకుంఠం దొరికితే ఈసారి భుజాల దగ్గర నుంచి మొదలుపెడతాను. చిలకా కొడవలీ లెక్క కూడా రాసుకొస్తాను సరళ గారూ.

దుబ్బాక పోరడు
నేను వస్తున్నా. ఇప్పుడు ఏ ప్రదర్శన నడుస్తుందో ముందు ఫోన్ చేసి కనుక్కో అన్నా. పోయినసారి బొమ్మలు దించుతుంటే పోయి నిలబడ్డం.

అమలాపురం కుర్రాడు
నేనూ వస్తాను. టీచర్ గారు వస్తే వెనక బెంచీ నాది.